స్వేచ్ఛ, చట్టం, విధి: బర్దైసాన్ ‘దేశాల చట్టాల గ్రంథం’పై విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

తొలి క్రైస్తవ తత్వచింతనలో స్వేచ్ఛా సంకల్పం అనగానే విద్యార్థులు నేరుగా అగస్టీన్ దగ్గరికి వెళ్తారు. పరీక్షలో ప్రశ్నలు కూడా ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి కనుక వారిని తప్పు పట్టలేం. అయితే అగస్టీన్‌కు సరిగ్గా 200 ఏళ్ల ముందు, క్రీ.శ. 154లో, ఎడెస్సాలో పుట్టిన బర్దైసాన్ అనే తత్వవేత్త ఇదే సమస్యను మనకు మరింత పరిచయమైన మాటల్లో చర్చించాడు. జాతకం, గ్రహబలం, నుదుటి రాత, ఊరి కట్టుబాటు, రాజు శాసనం: ఇవీ ఆయన ఎత్తుకున్న విషయాలు. మనిషి చేసే పనికి మనిషే బాధ్యుడా, లేక గ్రహాలా? మనిషికి జరిగేదానికి ఎవరు బాధ్యులు? ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ వాటిని విడివిడిగా గుర్తుంచుకోండి.

మీలో చాలామంది పాశమైలారంలోనో, బొల్లారంలోనో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోనో షిఫ్టు ముగించుకుని వచ్చి ఈ పుస్తకం తెరుస్తారు. సంగారెడ్డి చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయం చూసుకుంటూ చదువుతున్నవారూ ఉన్నారు. అందువల్ల ఉదాహరణలను ఇక్కడి నుంచే తీసుకుంటాను. ఇది పాఠాన్ని సులభం చేయడానికి మాత్రమే కాదు. బర్దైసాన్ వాదం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో నక్కవాగు ఒడ్డున నిలబడి చూస్తే స్పష్టంగా తెలుస్తుందని నా అభిప్రాయం.

గ్రంథ నేపథ్యం

ఎడెస్సా అంటే నేటి టర్కీ ఆగ్నేయ ప్రాంతంలోని ఉర్ఫా నగరం. అక్కడి భాష సిరియాక్, అరమాయిక్‌లో ఒక మాండలికం. క్రైస్తవం అంటే తెల్ల దొరలు తెచ్చిన మతమని, మెదక్ చర్చి 1924లో ప్రారంభమైన నాటి నుంచే మన ప్రాంతంలో దాని కథ మొదలైందని అనుకునే విద్యార్థులు నాకు ఏటా కనిపించేవారు. బర్దైసాన్ క్రైస్తవం ఆసియా నేల మీద, ఆసియా భాషలో పెరిగిన ఆలోచన. ఆయన పేరుకు అర్థం ‘దైసాన్ కొడుకు’. దైసాన్ ఎడెస్సా గుండా పారే నది.

బర్దైసాన్ అబ్గర్ రాజు ఆస్థానంలో మెలిగినవాడు, కవి, గొప్ప విలుకాడు. ‘దేశాల చట్టాల గ్రంథం’ ఆయన స్వయంగా రాసింది కాదు. శిష్యుడు ఫిలిప్ గురువుగారి సంభాషణను గ్రంథస్థం చేశాడు. సిరియాక్‌లో దీని పూర్తి ప్రతి ఒక్కటే మిగిలింది. ఈజిప్టు ఎడారిలోని ఒక మఠం నుంచి అది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరగా, 1855లో విలియం క్యూర్టన్ అచ్చు వేయించాడు. బర్దైసాన్‌ను తర్వాతి తరం క్రైస్తవులు తమవాడిగా పూర్తిగా ఒప్పుకోలేదు. నాలుగో శతాబ్దంలో అదే ఎడెస్సాలో ఉన్న ఎఫ్రేమ్ ఆయన సిద్ధాంతాలను తీవ్రంగా ఖండించాడు. మనకు కావలసింది మతసభల తీర్పు కాదు, వాదం. కనుక ఆ వివాదాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

గ్రంథం పేరులోని ‘చట్టం’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. సిరియాక్‌లో అది ‘నామూసా’. గ్రీకు ‘నోమోస్’ నుంచి వచ్చింది. రాజు వేసే శాసనానికీ, ఊరి కట్టుబాటుకూ, కులాచారానికీ, దేవుని ఆజ్ఞకూ అదే మాట. ఇదే పదం అరబ్బీ మీదుగా ఉర్దూలోకి ‘నామూస్’గా వచ్చింది. పరువు అనే అర్థంలో మన ప్రాంతంలో ఉర్దూ మాట్లాడేవారు ఇప్పటికీ వాడతారు. తెలుగులో చట్టం వేరు, ఆచారం వేరు, ధర్మం వేరు. అనువదించేటప్పుడు మనం ఏదో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. కానీ బర్దైసాన్ వాదమంతా ఈ మూడూ ఒకే పదంలో ఇమిడి ఉండటం మీద నడుస్తుంది.

అవీదా ప్రశ్న

సంభాషణ షెమష్‌గ్రామ్ అనే మిత్రుని ఇంట్లో జరుగుతుంది. అవీదా అనే యువకుడు అక్కడున్నవారిని ప్రశ్నలతో ఇబ్బంది పెడుతుంటాడు. దేవుడు ఒక్కడే అయి, మనిషిని సృష్టించింది ఆయనే అయితే, పాపం చేయడం వీలుకాని విధంగానే మనుషులను ఎందుకు సృష్టించలేదు? అలా చేసి ఉంటే ఆయన కోరుకున్నదే జరిగేది కదా!

ఇది పిల్లతనపు ప్రశ్న కాదు. బర్దైసాన్ జవాబు క్లుప్తంగా ఇది. అలా సృష్టిస్తే మనిషి పనిముట్టుగా మిగులుతాడు. వీణ బాగా పలికితే మెచ్చుకునేది వాయించినవాణ్ణే. బండి దారి తప్పితే తిట్టేది తోలినవాణ్ణే. పనిముట్టుకు పొగడ్తా లేదు, నిందా లేదు. సూర్యుడు, చంద్రుడు, సముద్రం ఎంత గొప్పవైనా తమకు విధించిన మార్గం దాటలేవు. మనిషికి మాత్రం తనను తాను నడుపుకునే అధికారం ఉంది. సింహాలన్నీ మాంసమే తింటాయి, గొర్రెలన్నీ గడ్డే తింటాయి, తేళ్లన్నీ కుడతాయి. మనుషులు మాత్రం శరీరంలో ఒకే తీరుగా ఉండి, నడవడికలో ఒకరికొకరు పోలిక లేకుండా ఉంటారు.

ఈ భాగం గ్రీకు తాత్వికుల ప్రభావంతో రాసిందే. అయినా పనిముట్టు ఉపమానాన్ని మనం ఊరికే దాటిపోకూడదు. కర్మాగారంలో పనిచేసినవారికి ఆ పోలికలోని బాధ తెలుస్తుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడు ఖాతాలు

బర్దైసాన్ మనిషి జీవితాన్ని మూడు ఖాతాలుగా విడగొడతాడు. పుట్టడం, పెరగడం, ఆకలి, ముసలితనం, చావు మొదటి ఖాతాలోకి వస్తాయి. అది ప్రకృతి. అందరికీ సమానం. కలిమి, లేమి, రోగం, ఆరోగ్యం, అధికారం, దాస్యం, అకాల మరణం రెండో ఖాతావి. అది విధి. మనుషులందరూ కోరుకున్నా అందరికీ దక్కనివి, ఎవరూ కోరకపోయినా కొందరి మీద వచ్చి పడేవి ఇందులో ఉంటాయి. గ్రహాలు దేవుని చేత నియమితమై ఈ ఖాతాను నడుపుతాయని ఆయన నమ్మాడు. మూడోది స్వేచ్ఛ. మంచి చేయడం, చెడు మానుకోవడం దీని పరిధి.

ఈ విభజనలో ఒక గొప్ప గుణం ఉంది. విమర్శకులు దాన్ని తగినంత గుర్తించలేదని నేననుకుంటాను. మనిషికి వచ్చే రోగం, దారిద్ర్యం అతని పాపానికి దేవుడు వేసే శిక్ష అని కొందరు వాదిస్తారని బర్దైసాన్ స్వయంగా పేర్కొంటాడు. అన్నీ గ్రహాల పనే అనేవారినీ, అంతా యాదృచ్ఛికం అనేవారినీ ఆ పక్కనే నిలబెడతాడు. ఒక్కొక్కరి మాటలో కొంత నిజం ఉందని, ఏ ఒక్కరి మాటా మొత్తం నిజం కాదని తేలుస్తాడు. దీనివల్ల రోగి పాపి కాకుండా పోయాడు. ‘చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత మహదేవ’ అని మనం ఎంత తేలిగ్గా అనేస్తామో గుర్తు చేసుకోండి. పక్షవాతం వచ్చినవాడి మంచం పక్కన కూర్చుని కూడా ఆ మాట అనగలిగిన సమాజం మనది. బర్దైసాన్ ఆ మాట అననివ్వడు.

మూడో ఖాతాకు ఆయన గీసిన సరిహద్దు కూడా గమనించదగింది. ఆజ్ఞలు పాటించడం మనుషుల వల్ల కాదని అవీదా అంటాడు. బర్దైసాన్ ఒప్పుకోడు. దేవుడు మనల్ని పెద్ద బండలు మొయ్యమనలేదు, నగరాలు కట్టమనలేదు, ఓడలు నడపమనలేదు. దొంగిలించవద్దు, అబద్ధమాడవద్దు, ఇతరులు నీకు చేస్తే నచ్చనిది నువ్వు చేయవద్దు అన్నాడు. వీటికి డబ్బు అక్కర్లేదు, కండబలం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. బీదవాడూ, రోగీ, ముసలివాడూ పాటించగలిగినదాన్నే ఆజ్ఞ అడుగుతుంది. శక్తి లేని చోట బాధ్యత లేదు. ఇంత మానవీయమైన సరిహద్దు ఆ కాలపు గ్రంథాల్లో అరుదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: రోగాన్ని ‘విధి’ ఖాతాలో వేయడం వల్ల రోగికి కలిగే మేలు ఏమిటి? మీ మాటల్లో పది పంక్తులు రాయండి. రాశాక ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. కింది భాగాలు చదివాక దానికి ఇంకో ఐదు పంక్తులు చేర్చవలసి రావచ్చు.

దేశాల చట్టాలు, గ్రహాల బలం

గ్రంథానికి పేరు తెచ్చిన భాగం ఇది. జ్యోతిష్కులు చెప్పినట్టు పుట్టిన ఘడియే నడవడికను నిర్ణయిస్తే, ఒకే దేశంలో అందరూ ఒకే ఆచారం ఎలా పాటిస్తున్నారు? అక్కడి వారందరూ ఒకే ఘడియలో పుట్టలేదు కదా! తూర్పు చివరనున్న సేరులలో హత్య లేదంటాడు. గేలీల దేశంలో పొలం దున్నేది, ఇళ్లు కట్టేది ఆడవారంటాడు. పారసీకుల వివాహాచారాలు చెబుతాడు. ఈ వర్ణనల్లో చాలావరకు విన్న మాటలే. వాటిని చరిత్రగా తీసుకుని పరీక్షలో రాయవద్దు. వాదంలో వాటి పని ఉదాహరణగా నిలవడమే.

ఈ జాబితాలో మనవాళ్లూ ఉన్నారు. ప్రాణిహింస చేయని, మాంసం, మద్యం ముట్టని బ్రాహ్మణుల గురించి చెప్పి, అదే దేశంలో అదే ఆకాశం కింద ఆ నియమాలేవీ లేని ఇతర భారతీయులు ఉన్నారంటాడు. ఇది ఉట్టి అలంకారం కాదు. భూమిని ఏడు గ్రహాలకు ఏడు భాగాలుగా పంచి, ఒక్కో భాగం మీద ఒక్కో గ్రహం పెత్తనం ఉందని జ్యోతిష్కులు తప్పించుకోజూశారు. ఒకే భాగంలో రెండు చట్టాలు ఉన్నాయని చూపితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకు భారతదేశం ఆయనకు అక్కరకొచ్చింది. రోమన్ చక్రవర్తి దగ్గరికి వెళ్తున్న భారతీయ దౌత్యబృందాన్ని బర్దైసాన్ కలుసుకుని వారి నుంచి విషయాలు సేకరించాడని పోర్ఫిరీ రాశాడు.

చివరి దెబ్బ ఇంకా గట్టిది. రాజులు చట్టాలు మారుస్తారు. రోమన్లు అరబ్బు ప్రాంతాన్ని గెలిచి అక్కడి పాత చట్టాలను తీసేశారు. ఎడెస్సాలో దేవత పేరిట పురుషులు తమను తాము ఛేదించుకునే ఆచారం ఉండేది. అబ్గర్ రాజు దాన్ని నిషేధించి, అలా చేసుకున్నవారి చేయి నరకమన్నాడు. ఆచారం ఆగిపోయింది. శాసనం వచ్చిన రోజున ఆకాశంలో ఏ గ్రహమూ స్థానం మారలేదు. యూదులు ఏ దేశంలో ఉన్నా ఎనిమిదో రోజున సున్తీ చేస్తారు, క్రైస్తవులు పార్థియాలో ఉన్నా ఇద్దరు భార్యలను చేసుకోరు. అంటే మనుషులు కూడి తమ స్వేచ్ఛతో ఏర్పరచుకున్న నియమం గ్రహాల కంటే బలమైనది.

సులభమేనా?

ఇక విమర్శ. మొదటిది చిన్నది. ఆజ్ఞలు పాటించడం సులభం అన్న మాటను కొద్దిగా కదిపి చూద్దాం.

ఇలా ఊహించండి. జోరువాన కురుస్తున్న రాత్రి. కర్మాగారంలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒకతనికి వ్యర్థజలాల తొట్టి వాల్వు తిప్పమని ఫోన్‌లో చెబుతారు. వాన నీటితో కలిసి ఆ నీళ్లు వాగులోకి పోతాయని అతనికి తెలుసు. తిప్పకుండా ఉండటానికి డబ్బు అక్కర్లేదు, కండబలం అక్కర్లేదు. బర్దైసాన్ లెక్కలో ఇది అచ్చంగా స్వేచ్ఛ ఖాతా. కానీ తిప్పకపోతే మర్నాడు గేటు దగ్గర అతని పేరు ఉండదు. ఇల్లు అద్దెది, ఊరు ఒడిశాలోనో బీహార్‌లోనో.

అతను బాధ్యుడా? బాధ్యుడే అనుకుంటాను. బాధ్యుడు కాడంటే అతన్ని పనిముట్టు చేసినట్టే. ఆ అవమానం ఫోన్ చేసినవాడు ఎలాగూ చేశాడు, మనమూ చేయనక్కర్లేదు. అయితే అతని బాధ్యత, ఫోన్ చేసినవాడి బాధ్యత ఒకే బరువున్నవి కావు. వద్దనడానికి ఒకరికి పట్టే ఖర్చు, మరొకరికి పట్టే ఖర్చు వేరు. బయటి నుంచి వచ్చే ప్రేరేపణ మన చేతిలో లేదు, దానికి మన బుద్ధి ఇచ్చే జవాబు మన చేతిలో ఉంది అని ఒరిజెన్ ‘మూలసూత్రాలు’ మూడో భాగంలో వివరిస్తాడు. ఆ వివరణకూ ఇదే లోటు. జవాబు ఇవ్వగల శక్తి అందరికీ ఉందంటారు కానీ, ఆ జవాబుకు ఎవరెంత మూల్యం చెల్లించాలో లెక్క చూడరు. వారి కాలపు క్రైస్తవులు ‘వద్దు’ అన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారే. మూల్యం వారికి తెలియక కాదు. దాన్ని ధైర్యం కింద జమ కట్టారే తప్ప, బాధ్యత కొలిచే తూకంలో వేయలేదు.

రెండో ఖాతాలోని చిక్కు

అసలు విమర్శ ఇది. రోగం, లేమి, దాస్యం, అకాల మరణం రెండో ఖాతాలో వేసినప్పుడు బాధితుడికి నింద తప్పింది. అదే గీతతో, ఆ రోగానికీ లేమికీ కారణమైన మనిషి ఎవరైనా ఉంటే అతనికీ నింద తప్పింది. ఒకరి మూడో ఖాతాలో జరిగిన పని మరొకరి రెండో ఖాతాలో విధిగా వచ్చి పడుతుందన్న సంగతి బర్దైసాన్ చూడలేదు.

నక్కవాగు మంజీరలో కలుస్తుంది. 1970ల మధ్య నుంచి పటాన్‌చెరు, తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతాల్లో పరిశ్రమలు వరుసగా వచ్చాయి. వాటి వ్యర్థజలాలు వాగుల్లోకి, చెరువుల్లోకి చేరాయి. వాగు పారకం కింద ఉన్న ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్లలో పొలాలు చెడిపోయాయి. ఒక రైతు బావి నీళ్లు రంగు మారడం, గేదె ఈసుకుపోవడం, కూలికి పోవలసి రావడం బర్దైసాన్ పట్టికలో ఎక్కడికి పోతాయి? లేమి, రోగం: విధి. ఆ రైతు కూడా ‘మా ఖర్మ’ అనే అనవచ్చు. ఆ మాటను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. దిక్కు తోచనప్పుడు మనిషి తనను తాను నిలబెట్టుకోవడానికి అనుకునే మాట అది. అదే మాటను వాగులోకి నీళ్లు వదిలినవారి తరఫున ఇంకెవరైనా అంటే దాని అర్థం మారిపోతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. కారణాలు తేల్చవలసింది విచారణలు, న్యాయస్థానాలు. తత్వశాస్త్ర విద్యార్థిగా మీరు గమనించవలసింది ఆ వారంలో చుట్టుపక్కల వినిపించే రకం మాటలు: ‘ఘడియ బాగాలేదు’, ‘ఆ రోజు డ్యూటీకి పోకుంటే బతికేవాడు’. అకాల మరణాన్ని గ్రహాల ఖాతాలో వేసే అలవాటు ఎడెస్సాతో ముగిసిపోలేదు.

ఇక్కడ బర్దైసాన్‌ను బర్దైసాన్‌తోనే సరిచేయవచ్చని నా వాదన. చట్టం గ్రహాల కంటే బలమైనదని చూపింది ఆయనే. ఆచారాల విషయంలో చూపిన ఆ సత్యాన్ని రోగం, లేమి, మరణం వరకు ఆయన తీసుకుపోలేదు. తీసుకుపోవడానికి కావలసిన ఉదాహరణ ఆయన ఊళ్లోనే, ఆయన కళ్ల ముందే ఉంది. 201వ సంవత్సరం చలికాలంలో దైసాన్ నది పొంగి ఎడెస్సాను ముంచింది. రాజప్రాసాదం, క్రైస్తవుల ఆలయం దెబ్బతిన్నాయి, ఎంతోమంది చనిపోయారు. ఎడెస్సా వృత్తాంతంలో ఇది నమోదైంది. ఆ తర్వాత అబ్గర్ రాజు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. చలికాలపు నెలల్లో నది పక్కన ఉన్న అంగళ్లలో పనివారు రాత్రిళ్లు పడుకోరాదని. వరద విధే అనుకుందాం. ఏటి ఒడ్డున అంగళ్లు ఉండటం, పనివారు అందులోనే పడుకోవడం విధి కాదు కదా! ఒక్క ఉత్తర్వుతో ‘అకాల మరణం’లో కొంత భాగం రెండో ఖాతా నుంచి మూడో ఖాతాకు మారింది. నది పేరు పెట్టుకున్న తత్వవేత్త, మనకు దొరికిన ఈ సంభాషణలో, ఆ వరద ప్రస్తావన తేలేదు.

ఒకే ఘడియలో పుట్టిన ఇద్దరు

ఈ లోటును తర్వాతివారు ఎంతవరకు పూడ్చారు? అగస్టీన్ యవ్వనంలో జ్యోతిషాన్ని నమ్మి, తర్వాత వదిలేశాడు. వదిలేయడానికి తోడ్పడిన ఒక సంగతిని ‘ఒప్పుకోళ్లు’ ఏడో భాగంలో చెబుతాడు. ఫర్మినస్ అనే మిత్రుడు పుట్టిన క్షణంలోనే, తండ్రి స్నేహితుడి ఇంట్లో ఒక దాసికి బిడ్డ పుట్టాడు. రెండిళ్ల నుంచి కబురు తెచ్చిన మనుషులు సరిగ్గా సగం దారిలో ఎదురుపడ్డారు. జాతకం ఒకటే. ఫర్మినస్ సంపదలో, గౌరవంలో ఎదిగాడు. దాసి కొడుకు దాసుడిగానే ఉండిపోయాడు.

గ్రహాలు అబద్ధమని అగస్టీన్ దీన్నుంచి తేల్చుకున్నాడు. మంచిదే. అయితే ఆ ఇద్దరినీ వేరు చేసింది ఏమిటన్న ప్రశ్న అక్కడే పడి ఉంది. వేరు చేసింది రోమన్ దాస్య చట్టం. బర్దైసాన్ విధి ఖాతాలో వేసిన ‘దాస్యం’ నిజానికి ఒక నామూసా. దాసి కడుపున పుట్టినవాడు దాసుడని మనుషులు రాసుకున్న నియమం. అగస్టీన్ ఆ వేలు అటు చూపలేదు. పైగా ‘దేవుని నగరం’ పందొమ్మిదో భాగంలో, ఎవరూ స్వభావం చేత దాసులు కారని అంటూనే, దాస్యాన్ని పాపఫలంగా వివరించాడు. బర్దైసాన్ జాగ్రత్తగా తప్పించిన శిక్ష అనే భావాన్ని ఆయన వెనక్కి తెచ్చాడు. ఈ ఒక్క విషయంలో అగస్టీన్ కంటే బర్దైసానే మెరుగని నేను తరగతిలో అనేవాణ్ణి. ఒప్పుకోని సహోద్యోగులు ఉండేవారు.

వేలు సరైన వైపు చూపినవాడు నిస్సా గ్రెగొరీ. 380 ప్రాంతంలో ‘ప్రసంగి’ గ్రంథంపై చేసిన నాలుగో ఉపన్యాసంలో, దాసదాసీలను కొన్నానని చెప్పుకునే యజమానిని నిలదీశాడు. ఆ వాదానికి పునాది స్వేచ్ఛా సంకల్పమే. తనను తాను నడుపుకునే అధికారంతో పుట్టిన స్వభావాన్ని నువ్వు కొంటున్నావు, దానికి ధర ఎవరు కట్టగలరు అని ఆయన అడిగినదాని సారం. బర్దైసాన్ దగ్గర స్వేచ్ఛ మంచిచెడ్డలకు జవాబు చెప్పవలసిన బాధ్యతగా ఉంది. గ్రెగొరీ దగ్గర అది ఇతరుల స్వేచ్ఛను తొక్కేవారిని నిలదీసే హక్కుగా కూడా మారింది.

సంకల్పం లేకుండా బాధ్యత

మన న్యాయస్థానాలు ఈ ప్రశ్నను వేరే దారిలో ఎదుర్కొన్నాయి. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత ఏడాదికి ఢిల్లీలో శ్రీరామ్ సంస్థ నుంచి ఓలియం వాయువు వెలువడింది. ఆ కేసులో 1986లో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత అనే సూత్రాన్ని ప్రకటించింది. ప్రమాదకరమైన పని ద్వారా లాభం పొందే సంస్థ, ఎంత జాగ్రత్త తీసుకున్నా సరే, ఆ పని వల్ల కలిగిన హానికి పరిహారం చెల్లించాలి. 1996లో రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామం కేసులో, కలుషితం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని బలపరిచింది. ఆ కేసు వేసిన సంస్థే 1990లో పటాన్‌చెరు కాలుష్యంపై కూడా సుప్రీంకోర్టును ఆశ్రయించింది. దాని వెనుక పటాన్‌చెరులో వైద్యం చేస్తూ పోరాటం నడిపిన డాక్టర్ ఎ. కిషన్‌రావు వంటి స్థానికుల శ్రమ ఉంది. నష్టపోయిన రైతులకు పరిహారం లెక్కగట్టే పని సంగారెడ్డిలోని జిల్లా న్యాయమూర్తి ముందుకు వచ్చింది. తర్వాత ఆ వ్యాజ్యం హైకోర్టుకు, ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది.

తొలి క్రైస్తవ తాత్వికులు ఈ సూత్రాన్ని చూస్తే ఏమంటారు? బర్దైసాన్‌కు వింతగా తోస్తుంది. ఆయన దృష్టిలో బాధ్యత సంకల్పం నుంచి పుడుతుంది. ఇక్కడ న్యాయస్థానం ‘నువ్వు కావాలని చేశావా?’ అని అడగడం లేదు. ‘ఈ హాని ఎవరి పని నుంచి వచ్చింది?’ అని అడుగుతోంది. పైగా కంపెనీకి మనసు లేదు. దాన్ని పాపి అనడం ఎలా?

ఈ సందేహానికి నా జవాబు ఇది. చట్టం అడిగే ప్రశ్న, నీతి అడిగే ప్రశ్న వేరు. రైతు పొలానికి పరిహారం ఇవ్వడానికి ఎవరి మనసులో ఏముందో తేల్చేదాకా ఆగనక్కర్లేదు. ఆగితే పరిహారం ఎన్నటికీ అందదు, ఎందుకంటే పెద్ద సంస్థలో సంకల్పం పది బల్లల మీద పంపకమై ఉంటుంది. ఒకరు యంత్రం కొనరు, ఒకరు ఖర్చు తగ్గించమంటారు, ఒకరు సంతకం పెడతారు, చివరివాడు వాల్వు తిప్పుతాడు. అయితే పరిహారం చెల్లించడంతో నీతి లెక్క తీరిపోయిందని అనుకోవడమూ పొరపాటే. డబ్బు కంపెనీ కడుతుంది. ఆ పది బల్లల దగ్గర కూర్చున్నవారిలో ఒక్కొక్కరు ఏమి ఎంచుకున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి బర్దైసాన్ కావాలి. విద్యార్థులు తమ జవాబుల్లో ఈ రెంటినీ కలిపేస్తారు. చట్టం సంకల్పాన్ని పక్కన పెట్టింది కాబట్టి స్వేచ్ఛా సంకల్పం పాతబడిందని రాస్తారు. అది తప్పు.

ఇంకో హెచ్చరిక కూడా అవసరం. రెండో ఖాతా మొత్తం ఖాళీ చేసేయాలని నేను అనడం లేదు. ప్రతి రోగానికీ ఒక దోషిని వెతకడం మొదలుపెడితే, దోషి దొరకని చోట మళ్లీ రోగి మీదికే వేలు తిరుగుతుంది: సరిగ్గా తినలేదు, జాగ్రత్త పడలేదు అని. వానలు పడకపోవడం, పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు ఉన్నాయి. మన స్మృతికారులు కూడా దైవం, పురుషప్రయత్నం రెండూ బండికి రెండు చక్రాలన్నారు. తేడా ఏమిటంటే, ఏది ఏ ఖాతాకు చెందుతుందో ఆకాశం చూసి చెప్పలేం, నేల మీద వెతకాలి. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు అక్కడికి వచ్చేవి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు తేలింది. ఆ అంకె బయటికి రాకముందు అది ఎవరి ఖాతాలోనూ లేదు.

అదే శుద్ధి కేంద్రం నీటిని తర్వాత 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా హైదరాబాద్ మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీ వైపు మళ్లించారు. మంజీర గోదావరిలో కలుస్తుంది, మూసీ కృష్ణలో కలుస్తుంది. మీ అసైన్‌మెంట్‌కు ప్రశ్నగా దీన్నే తీసుకోండి: మూసీ పారకం కింద వరి వేసే రైతుకు ఆ నీళ్లు బర్దైసాన్ చెప్పిన మూడు ఖాతాల్లో ఎందులోకి వస్తాయి? గొట్టం వేయాలని నిర్ణయించిన రోజున ఆ రైతును ఎవరైనా అడిగి ఉంటే మీ జవాబు మారుతుందా?